కాశమ్మ కర్ర

కొనకనమిట్ల దగ్గరి ఆ పల్లెలో కాశమ్మ ధైర్యం సంగతి ఎవరినడిగినా చెబుతారు. మందలో తోడేలు దూరితే కర్ర పుచ్చుకుని ఒంటరిగా ఎదురుపోయిన మనిషి. నోరూ తక్కువది కాదు. ఆమె అరిస్తే అవతలి చేలో ఎద్దులు ఆగుతాయని ఎగతాళి చేస్తారు. అట్లాంటి కాశమ్మకు ఆ పొద్దున గుండె పీచుపీచుమంటోంది. కారణం, గిద్దలూరు నుంచి సంచి తగిలించుకుని వచ్చిన రూబీ అనే చదువుకున్న పిల్ల.

చిన్నపిల్లలకు మాటలు ఎట్లా వస్తాయో, కొందరికి ఎందుకు రావో ఊరూరా తిరిగి తెలుసుకుని రాసుకోవడం రూబీ పని. కాశమ్మ మనవరాలు పావనికి మూడేళ్లు నిండినా "అవ్వ" అన్న మాటే రాలేదు. కొడుకూ కోడలూ జీవాలను తోలుకుని మేతకు దూరం పోతే పిల్ల భారం కాశమ్మదే. మాటలొస్తాయని వస కొమ్ము అరగదీసి నాకించింది. అడిగినవాళ్లకు "నిదానంగా వస్తాయిలే" అని చెప్పింది. కానీ పిల్లకు వినబడదని ఆమెకు ఏడాది కిందటే తెలుసు. తెలిసీ దాచింది.

ఆమె తమ్ముడికీ వినబడేది కాదు. వాడి పేరు కాటమరాజు, కానీ ఆ పేరు పెట్టి పిలిచిన పుణ్యాత్ముడు ఊళ్లో లేడు. చచ్చిన రోజున కూడా "మూగోడు పోయినాడంట" అన్నారు. పావనికీ ఆ పేరే పడుతుందని ఆమె భయం.

రూబీ పావనిని చాప మీద కూర్చోబెట్టి, బొమ్మలిచ్చి, వెనక నిలబడి గంట మోగించింది. ఎదురుగా గడపలో కూర్చున్న కాశమ్మ, రూబీకి కనబడకుండా పిల్ల పావడా కింద నుంచి కర్ర కొనతో మడమ తాకింది. అరవకుండా గొర్రెను మలపడానికి ఆమె చేసే పనే అది. చుట్టాల ముందు పరువు పోకుండా, కర్ర తగిలితే వెనక్కి తిరగాలని పిల్లకూ నేర్పింది. కర్ర తగలగానే పావని వెనక్కి తిరిగింది. మూడుసార్లు మోగిస్తే మూడుసార్లూ తిరిగింది.

"చెవులు బాగానే ఉండాయవ్వా," అంది రూబీ రాసుకుంటూ. "వినపడకపోతే ఒంగోలు పంపిచ్చేదాన్ని. ఈ వయసులోనే చెవికి మిషన్ పెట్టిస్తే మాటలొచ్చే దారుంటాది. పెద్దయినాక శానా కష్టం. మీకా బాధ లేదులే."

ఇన్నాళ్లూ కాశమ్మ ఇట్లాంటివాళ్లు ఏం రాస్తారోనని భయపడింది. ఇప్పుడు రాసింది తలుచుకుంటే అంతకంటే భయమేసింది. తమ్ముడికి అన్యాయం చేసింది ఊరు. మనవరాలికి చేస్తున్నది తనే. నిజం చెబితే మూగదంటారు. చెప్పకపోతే పిల్ల నిజంగానే మాట లేకుండా మిగిలిపోతుంది. రూబీ అప్పటికే పుస్తకం మూసి సంచిలో పెడుతోంది.

"ఆగు బిడ్డా," అన్న మాట కాశమ్మకే సరిగా వినిపించలేదు. లేచి, కర్రను వాకిట్లోకి విసిరేసింది. "ఇప్పుడు పిలువు. గంట వద్దు. పేరు పెట్టి పిలువు."

రూబీకి అర్థం కాలేదు, అయినా పిలిచింది. ఇంకోసారి గట్టిగా పిలిచింది. పావని బొమ్మలతో ఆడుకుంటూనే ఉంది. రూబీ వాకిట్లో పడిన కర్ర వైపు చూసింది.

"చూసినావు గదా," అంది కాశమ్మ. "ఒంగోలు ఎప్పుడు పోవాలో చెప్పు. ఆ కాగితం మీద మాత్రం పావని అనే రాయి తల్లీ. ఇంకో మాట రాయొద్దు."