పప్పుచారు బకెట్ పట్టుకున్న ఆమె

మొన్న బుధవారం క్లాసులో నేను చేసిన ఘనకార్యం చెప్తాను, నవ్వకండి. సరే, నవ్వండి. నేనైతే పంజాగుట్ట నుంచి మధురానగర్ దాకా ఆటోలో ఏడుస్తూ వచ్చాను. ఆటో ఆయన పాపం రెండుసార్లు వెనక్కి తిరిగి "అంతా మంచిదేనా అక్కా?" అని అడిగాడు. ఏమని చెప్పను!

నా ఉద్యోగం మీకు తెలుసు కదా. పంజాగుట్టలో ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సినిమా, జెండర్ స్టడీస్ చెప్తాను. మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇప్పటికీ "మేడం, మా పాపకు సీరియల్లో ఛాన్స్ దొరుకుతదా?" అని అడుగుతుంటారు. నేను చెప్పేది వేరు. తెర మీద ఆడవాళ్లను ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు, ఎవరిని అసలు చూడటమే లేదు, ఇదీ నా పాఠం. పద్నాలుగేళ్లుగా ఇదే చెప్తున్నాను, పెద్ద తెలిసినదానిలా.

అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఫొటోలున్నాయి, అన్నింట్లోనూ స్కూల్లో ప్రార్థనకు నిలబడ్డట్టు బిగుసుకొని ఉంటుంది. వీడియో మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఫోన్ ఎత్తితే చాలు, "నన్నెందుకే, అటు తియ్యి" అనేది. నేనూ అటే తీశాను. ఊరందరికీ కెమెరా గురించి చెప్పేదాన్ని, కన్నతల్లిని ఒక్క నిమిషం తీయలేదు. నడుస్తూ, మాట్లాడుతూ అమ్మ ఒక్కసారి కనబడితే చాలని ప్రాణం కొట్టుకుపోయేది.

అది చూడలేక మా బాపు బీరువా మీదినుంచి ఒక పాత క్యాసెట్ దించిచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట సిరిసిల్లలో జరిగిన మా చిన్నాన్న పెళ్లి. ఇంటికి పెద్ద కోడలు అమ్మ, అందులో ఉండకుండా ఎక్కడికి పోతుంది? అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు ఒకటి ఉంది. పరిగెత్తాను. షాపాయన ముందే చెప్పాడు.

"మాటలు ఇనవడయి మేడం. గప్పుడు అసలు సౌండ్ తీసేసి సినిమా పాటలు ఎక్కిచ్చేటోళ్లు. బొమ్మ మాత్రం మస్తుగుంది."

బొమ్మైనా చాలనుకున్నాను. ఆ పెళ్లికని అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కొనుక్కున్న కథ ఇంట్లో వందసార్లు విన్నాను. ఆదివారం పొద్దున కూర్చొని, ఫార్వర్డ్ కొట్టుకుంటూ ఆకుపచ్చ చీర కోసం వెతికాను. దొరికింది! కానీ ఆ చీరలో మా మేనత్త ఉంది. హారతి పళ్లెం పట్టుకొని, పెళ్లికొడుకు పక్కన, కెమెరా వైపే చూస్తూ. ఇద్దరికీ ఒకేలాంటి చీరలున్నాయేమో అనుకొని మళ్లీ వెతికాను. అమ్మ లేదు. ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది. రెండు గంటల వీడియోలో పెద్ద కోడలికి ఒక్క నిమిషం లేదా!

మాలాంటివాళ్లకు ఒళ్లు మండితే ఏం చేస్తాం? పాఠం చెప్తాం. భోజనాల దగ్గరి మూడు నిమిషాల ముక్క కత్తిరించి క్లాసుకు పట్టుకెళ్లాను. అందులో నూలుచీర కట్టుకున్న ఒకామె, సన్నగా, పొడుగాటి జడతో, పప్పుచారు బకెట్ పట్టుకొని బంతి అటు చివర నుంచి ఇటు చివరకు వడ్డిస్తూ పోతుంటుంది. పాట మ్యూట్ చేసి మరీ మొదలుపెట్టాను.

"చూడండి. ఈమె ఫ్రేములోకి ఆరుసార్లు వచ్చింది. ఒక్కసారైనా కెమెరా ఆమె కోసం ఆగిందా? ఈమె ఎవరు? చుట్టమా, పనికి పిలిచిన మనిషా? తెలీదు. తెలుసుకోవాలని తీసేవాడికీ లేదు, చూసేవాళ్లకీ లేదు!"

బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఈమె ఎవరు?" అని రాశాను. ఇరవై నిమిషాలు దంచాను. ఎంత బాగా చెప్తున్నానో అని నాకు నేనే ముచ్చటపడ్డాను.

చివరి బెంచీలో మౌనిక చెయ్యెత్తింది. బోరబండ నుంచి వస్తుంది, ఎప్పుడూ నోరు విప్పదు.

"మేడం, ఆమె మీ చుట్టమేనా?"

"లేదమ్మా, నేను చెప్పేదే అది. ఈమె ఎవరో ఎవరికీ..."

"కాదు మేడం, జర చూడుండ్రి. చేతులు ఖాళీ లేక భుజంతోని చెంప తుడుసుకుంటుంది. మీరు సుత మార్కర్ పట్టుకొని గట్లనే తుడుసుకుంటరు. మేమందరం మీ యాక్షన్ గట్లనే చేస్తం..." అని ఠక్కున నాలుక కరుచుకుంది.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వుతూనే వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. నిజమే, భుజంతోనే తుడుచుకుంటుంది. ఆఖరి రెండు సెకన్లలో ఇటు తిరిగింది. నాకు గుర్తున్న అమ్మకు కళ్లద్దాలు, తెల్లజుట్టు, మోకాళ్ల నొప్పులు. ఇప్పటి నాకంటే పదేళ్లు చిన్నదైన అమ్మ ఎలా ఉండేదో, అప్పుడు చిన్నపిల్లనైన నాకెక్కడ గుర్తుంది? ఆమే. నోరు తెరిచి కెమెరాతో ఏదో అంటుంది. అంతలో ముక్క అయిపోయింది.

"మా అమ్మ," అన్నాను. నవ్వుతున్న పిల్లలందరూ చప్పున ఆగిపోయారు. మౌనిక నీళ్ల బాటిల్ తెచ్చిచ్చి "సారీ మేడం" అంది. పాపం, ఆ పిల్ల దేనికి సారీ చెప్పాలి?

ఇంటికొచ్చి బాపును నిలదీశాను. మరి ఆ ఆకుపచ్చ చీర సంగతేంటని.

"మీ అమ్మనే ఇచ్చింది బిడ్డా. మీ మేనత్త చీర మీద నూనె వడ్డది. ఆడబిడ్డ వీడియోల మంచిగ కనవడాలె, నేనెట్లాగు వంటల కాడనే ఉంటగదా అని తీసిచ్చింది."

అయిపోయింది! బట్టలను కాదు, మనిషిని చూడండి అని పద్నాలుగేళ్లు పాఠం చెప్పినదాన్ని, కన్నతల్లిని చీర రంగు పట్టుకొని వెతికాను.

ఫోన్లో ఆ చివరి రెండు సెకన్లు బాపుకు చూపించాను. పెళ్లయిన కొత్తలో అమ్మా బాపూ ఇద్దరూ మరమగ్గాల షెడ్డులో పనిచేశారు. ఆ చప్పుడులో మాట వినబడదు, పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్లట. బాపు ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకొని మూడుసార్లు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"ఏమంటుంది బాపూ?"

"జరుగు అంటుంది."

"అంతేనా?"

"అంతే. కాలే పప్పుచారు చేతిల పట్టుకొని ఇంకేమంటది బిడ్డా? వీడియో ఆయన అడ్డం నిలవడ్డడు గదా."

ఎనిమిది నెలలుగా అమ్మ నోట ఒక్క మాట కోసం ఎదురుచూశాను. వచ్చిన మాట "జరుగు". వీడియో ఆయనకు చెప్పిందే, కాదనను. కానీ మార్కర్ పట్టుకొని ఇరవై నిమిషాలు తెరకు అడ్డంగా నిలబడింది ఆయన కాదు, నేను.