ఎలుకలక్క పది నిమిషాలు

ఆరోగ్యశాఖలో ఎలుకలు పట్టే ఉద్యోగం ఒకటుంటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు నవ్వుతారు. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న ఎలుకలక్క ఆ నవ్వు వింటూనే ఉంది. "కొండను తవ్వి ఎలుకను పట్టావా?" అని వేళాకోళమాడితే, "నాక్కావలసింది ఎలుకే. కొండ మీరుంచుకోండి" అనేది. గిడ్డంగుల్లో, పాత సామాన్ల గదుల్లో బోన్లు పెట్టి, పడ్డ ఎలుకల రక్తం ల్యాబుకి పంపడం ఆమె పని. వాటిలో ఏ వైరస్ తిరుగుతోందో మనుషులకి జ్వరాలు రాకముందే తెలియాలి కదా!

ఆమెకో చాదస్తం ఉండేది. ఎలుక పెంటికలున్న గదిలో చీపురు పట్టనిచ్చేది కాదు. ముందు తలుపులూ కిటికీలూ బార్లా తీసి అరగంట బయట ఉండాలి. తరవాత మాస్కు, తొడుగులు వేసుకుని బ్లీచింగ్ నీళ్ళు చల్లాలి. పది నిమిషాలు ఆగి తడిగుడ్డతో ఎత్తాలి. "ఎండిన మూత్రం దుమ్ముతో లేచి ఊపిరిలోకి పోతుంది. చీపురు దానికి పల్లకీ" అనేది.

ఒకసారి పై ఆఫీసు నుంచి అధికారులొచ్చారు. ఇలాంటి రోగాన్ని శత్రువులెవరైనా కావాలని వదిలితే ఎలా పసిగట్టాలని సభ పెట్టారు. అందరూ ఖరీదైన యంత్రాల గురించి మాట్లాడారు. ఎలుకలక్క వెనక వరసలోంచి లేచింది.

"ఎవరు వదిలినా, దానంతటదే వచ్చినా, ముందు పడిపోయేది ఊడ్చేవాళ్ళే సార్. వాళ్ళ జ్వరాన్ని పట్టించుకోండి చాలు."

అధికారులు ఆ మాట రాసుకుని వెళ్ళారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈవిడ రచ్చ గెలిచింది గానీ, ఇంట్లో తమ్ముడు మాట వింటేగా! అతను గదులు శుభ్రం చేయించే మేస్త్రీ. చీపురు పడితే నేల అద్దమైపోతుందని పొగరు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న ఒక బడి సామాన్ల గదిలో అక్క బోన్లు పెట్టి, ల్యాబు కబురొచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పింది. మర్నాడే అతనొక్కడూ వెళ్ళి పొడిగా ఊడ్చేశాడు.

"చూడక్కా! నీ పది నిమిషాల్లో గది మొత్తం అయిపోయింది!"

ఎలుకలక్కకి ఒళ్ళు మండింది. ఆ మంట కింద భయం. వారానికి కబురు వచ్చింది, ఆ గది ఎలుకల్లో వైరస్ ఉందని.

ఆ రోజు నుంచి పొద్దున్నే థర్మామీటరు పట్టుకుని తమ్ముడి గుమ్మంలో నిలబడేది. "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అని అతను విసుక్కునేవాడు. "నోర్మూసుకుని నాలుక కింద పెట్టు." ఊడ్చిన పంతొమ్మిదో రోజు జ్వరం కనిపించింది. నడుం నొప్పి. బరువులెత్తాను, అంతేనన్నాడు. ఆమె వినలేదు, ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరు మామూలు జ్వరమని మాత్రలు రాయబోయాడు. ఆమె ల్యాబు కాగితం ఆయన ముందు పెట్టింది.

"ముందు ఇది చదవండి డాక్టరుగారూ. వీడు ఆ గది పొడిగా ఊడ్చాడు."

డాక్టరు రెండుసార్లు చదివి, కలం పక్కన పెట్టి, మంచం ఇప్పించాడు. మూడో రోజుకి మూత్రపిండాలు మొరాయించాయి. అప్పటికే డయాలిసిస్ యంత్రం సిద్ధంగా ఉంది కాబట్టి మనిషి దక్కాడు. ఇంటికి పంపి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరే చెప్పాడు.

రెండు నెలలు గడిచాయి. ఎలుకలక్క బోన్లు పట్టుకుని ఒక గిడ్డంగికి వెళ్ళింది. లోపల బ్లీచింగ్ వాసన. మాస్కు పెట్టుకున్న తమ్ముడు గడప బయట కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు. గిడ్డంగి యజమాని తొందరపెడుతున్నాడు.

"పది నిమిషాలైంది, లేవచ్చా అక్కా?" అన్నాడు తమ్ముడు.

అయిందని ఆమెకీ తెలుసు.

"ఇంకొక్క నిమిషం కూర్చోరా."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎదురు చెప్పకుండా కూర్చున్నాడు. ఎలుకలక్క బోన్లు కింద పెట్టి అతని పక్కనే కూలబడింది. తన మాస్కు తడిసేదాకా ఏడ్చింది.