గిడ్డమ్మత్త గొర్రు వెనక ఎవరు?

మా గిడ్డమ్మత్తను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. ఆ వెంటనే ఊళ్లో మగవాళ్ల మీద ఒళ్లు మండుతుంది. ఆమె మా మేనమామ చిన్న ఈరన్న భార్య. వాళ్లది ఆలూరు దగ్గర ఎర్రనేలల పల్లె. మనిషి పొట్టిదే కానీ గొంతెత్తిందంటే చేను అవతలి గట్టు మీద ఎద్దులు కూడా తలతిప్పి చూసేవి. అన్నదమ్ములు లేని ఇంట్లో పుట్టింది కాబట్టి వాళ్ల నాయన ఆమెకే గొర్రు తోలడం నేర్పాడు.

గొర్రుతో విత్తనం వెయ్యడానికి ఇద్దరు కావాలి. ఎద్దుల వెనక ఒకరు గొర్రును అదిమి పట్టి తోలుతుంటే, ఇంకొకరు ఒడిలో గింజలు కట్టుకుని పక్కనే నడుస్తూ, గొర్రు మీదుండే జడ్డిగం అనే చెక్కగిన్నెలో పోస్తూ ఉండాలి. తోలేది మగవాడు, పోసేది ఆడది. ఆడది గొర్రు పడితే వాన ఎగబెడుతుందని మా వాళ్ల నమ్మకం. మరి ఇన్నేళ్లుగా ఎగబెట్టిన వానలకు ఏ ఆడది గొర్రు పట్టిందయ్యా అంటే ఒక్కడూ చెప్పడు!

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. దానికి కాస్త ముందే మా మామ గడ్డివామి మీద నుంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వెదురుబద్దల కట్టుతో అరుగు మీద కూర్చున్నాడు. ఎర్రనేలలో పదును ఎంతసేపు నిలుస్తుంది? ఎండ గట్టిగా కాస్తే మూడోనాటికి తడి ఆరిపోతుంది. ఆ లోపల కొర్ర పడకపోతే ఏడాదంతా ఇంట్లో తిండికి ఏడవాల్సిందే.

ఊరు సాయం చెయ్యలేదంటే కళ్లు పోతాయి. ఆడది పనుల్లో పడి తిరుగుతుంటే పాపం మగవాడికి వండి పెట్టేదెవరని ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి వచ్చేది. ఒకరు జొన్నరొట్టెలు, ఒకరు ఊరిబిండి పచ్చడి, ఇంకొకరు గిన్నెడు ఉగ్గాని. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో అత్త కంటే మామే బాగా వండుతాడు. పెళ్లికి ముందు మంత్రాలయంలో యాత్రికులకు వండిపెట్టినవాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఆయనా గుర్తు చెయ్యలేదు. "ఇంగో నెల అతక్కుండా ఉంటే బాగుండు" అని నవ్వుతూ కట్టు నిమురుకునేవాడు.

వాన వెలిసిన పొద్దున్నే అత్త పక్క చేను దేవేంద్రప్ప ఇంటికి వెళ్లింది. ఆయన్ని అన్నా అని పిలిచేది. ఆయన వాకిట్లో ఎద్దులకు మేత వేస్తున్నాడు.

"అన్నా, గొర్రు నేను తోలుకుంటా. జడ్డిగంలో పోసేదానికి వదినను ఒక్క దినం పంపు."

"శివశివా! నువ్వు గొర్రు పట్టేదేందమ్మా? మేమంతా సచ్చినామా? నేనే వచ్చి తోల్తా."

"ఎప్పుడొస్తావు?"

"మాది అయిపోనీ. ఎల్లుండి."

"ఎల్లుండికి పదును యాడుంటాదన్నా?"

"దేవుడుండాడు లేమ్మా. నువ్వు శానా కష్టపడొద్దు."

దేవేంద్రప్ప మంచివాడే. సాయంత్రం ఒక మోపు కట్టెలు కూడా పంపించాడు. కట్టెలెవరడిగారు ఆయన్ని? అత్త ఆ మోపును చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "అడిగింది తప్ప అన్నీ ఇస్తాండారు" అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది.

మర్నాడు తెల్లవారకముందే ఎద్దులను విప్పింది.

"ఎవరు పోస్తారే?" అన్నాడు మామ.

"నువ్వు."

"నేనా? మొగోన్ని!"

"ఎడమచెయ్యి బాగుండాది కదా. గింజలు పోసేదానికి మీసం అడ్డమొస్తాదా?"

మామ గొణుక్కుంటూనే కండువాను నడుముకు ఒడి కట్టుకుని గొర్రు వెనక నడిచాడు. చేను ఆ కొసకు వెళ్లి తిరిగి వచ్చేలోపే పక్క చేలో దేవేంద్రప్ప చూశాడు. నడుస్తున్న గొర్రును అక్కడే వదిలేసి గట్టు దూకి పరుగెత్తుకొచ్చాడు. వెనకాల ఇంకో ఇద్దరు.

"ఏం బావా! మొగోల్ల పరువంతా తీస్తాండావు కదప్పా! ముందు ఆ ఒడి ఇప్పు!"

చూశారా? ఆడది అడిగితే ఎల్లుండి. మగవాడు ఒడి కడితే మాత్రం ఆ క్షణానే కాళ్లొచ్చాయి మా వీరులకు!

"గొర్రు ఇటియ్యి గిడ్డమ్మా, నేను తోల్తా" అని దేవేంద్రప్ప చెయ్యి చాపాడు.

అత్త వదల్లేదు. "నీ చేనూ ఆరిపోతాంది, నా చేనూ ఆరిపోతాంది. ఈడ నిలబడి మాట్లాడితే ఇద్దరికీ కొర్ర ఉండదు. పో అన్నా, నీ ఎద్దులు చూసుకో."

అంతలో దేవేంద్రప్ప భార్య ఉరుకుందమ్మ ఒడినిండా గింజలతో గట్టు దాటి వచ్చింది. మొగుడి వైపు చూడనైనా చూడలేదు. నేరుగా మామ దగ్గరికి వెళ్లి, "జరుగన్నా, గింజలు కుప్పలు కుప్పలు పడతాండాయి" అని ఆయన్ని పక్కకు నెట్టి జడ్డిగంలో చెయ్యి పెట్టింది.

"ఏమే! మన గొర్రుకు ఎవరు పోస్తారు?" అని అరిచాడు దేవేంద్రప్ప.

"అన్న ఉండాడు కదా, పిలుచుకోని పో."

దేవేంద్రప్ప ఆకాశం వైపు చూశాడు. ఎండ ముదురుతోంది. వచ్చిన ఇద్దరూ నవ్వు ఆపుకోలేక గట్టెక్కారు. "రా బావా, రా" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. మామ ఒడి సర్దుకుని ఠీవిగా ఆయన వెనక వెళ్లాడు. ఆ ఏడు దేవేంద్రప్ప చేలో కొర్ర ఒకచోట గుబురుగా, ఒకచోట బోడిగా మొలిచింది. అయినా మొలిచింది.

పొద్దు వాలేసరికి రెండు చేలూ అయిపోయాయి. ఆడవాళ్లిద్దరూ గట్టు మీద కూర్చుని నీళ్లు తాగారు. అత్త ఉరుకుందమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా ఇల్లు నిలబెడితివి వదినా. నిన్న అన్న ఒప్పుకోకపోతే ఇంగ నువ్వు రావనుకుంటి."

"నిన్న ఏం జరిగె?"

"నిన్ను పంపమని అడిగితిని కదా!"

"యారిని అడిగితివి?"

"అన్నను."

ఉరుకుందమ్మ చెంబు కింద పెట్టింది. "ఆయప్ప నాకు ఒక్క మాటా చెప్పల్యా. నేను లోపలే రొట్టెలు కాలుస్తాంటి గదమ్మా! నన్నడిగింటే నిన్ననే రాకపోదునా?"

అంత గొంతున్న మా అత్త నుదురు కొట్టుకుంది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. "నిజమే వదినా, నేనూ మొగోన్నే అడిగితి" అంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

తర్వాత అత్త చాలా ఏళ్లు బతికింది, చాలా ఇళ్లకు సాయానికి వెళ్లింది, చాలామందిని సాయం అడిగింది. వాకిట్లో ఏ మగవాడైనా "ఏం కావాలమ్మా?" అంటే, "నీతో కాదులేన్నా" అని అతన్ని దాటుకుని లోపలికి వెళ్లిపోయేది.