మిర్చి మీద నీళ్లు చల్లిందెవరు?

2023 ఆగస్టు. వరంగల్ శివారులో మిర్చి దాచే ఓ కోల్డ్ స్టోరేజీలో నేను ప్లాంట్ ఆపరేటర్‌ని. మెకానికల్ డిప్లొమా చేసి చేరాను. ధర లేనప్పుడు రైతులు బస్తాలు మా దగ్గర పెట్టి, ధర వచ్చాక తీసుకుపోతారు.

బస్తాలుండే చల్లటి గదిని ఛాంబర్ అంటాం. దాని పైకప్పు కింద కూలింగ్ కాయిల్స్ ఉంటాయి. వాటికి పట్టిన మంచును అప్పుడప్పుడూ కరిగించడమే డీఫ్రాస్ట్. ఆ నీళ్లు ట్రేలో పడి పైపు గుండా బయటికి పోవాలి. ఆ నెల ఒక ఛాంబర్‌లో మిర్చి దుమ్ము చేరి పైపు మూసుకుపోయింది. ట్రే పొంగి కింది బస్తాలు తడిశాయి. నేను చూసేసరికే కాయలకు బూజు పట్టింది.

సూపర్‌వైజర్ సమ్మన్నకు చెప్పాను. ప్లాంటు కట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి. రైతులిచ్చే చాయ్ పైసలు కూడా ముట్టడు.

"పైపు సాఫ్ చేసినవ్ గదా, ఇగ సప్పుడు చెయ్యకు తమ్మీ. రైతే నీళ్లు చల్లి తెచ్చిండు అందాం."

ఆ మాట చెల్లుతుందని నాకూ తెలుసు. ఎండు కాయ బస్తాలో తొక్కేటప్పుడు విరగకుండా రైతులు కాసిని నీళ్లు చిలకరిస్తారు. అవి ఎక్కువైతే బూజు పడుతుంది, అందుకే కొనేవాళ్లకు దాని మీద ఎప్పుడూ అనుమానమే.

మర్నాడే మరిపెడ నుంచి యాకయ్య అనే కౌలు రైతు వచ్చాడు. ఈ సరుకు అమ్మితేనే ఈసారి మళ్లీ మిర్చి వేయగలడు. బయటికి తీసిన బస్తాల్లో బూజు చూసి అక్కడే కూలబడ్డాడు.

"నీళ్లు గిట్ల గుమ్మరించి తెస్తే మేమేం జేస్తం కాకా?" అన్నాడు సమ్మన్న.

కొట్లాడతాడనుకున్నాను. కొట్లాడలేదు. "మా ఆడామెనే చల్లింది సారూ. జర తక్కువ చల్లవే అంటే ఇన్నదా?" అంటూ ఫోన్ తీసి అక్కడే భార్యను తిట్టడం మొదలుపెట్టాడు.

"కాకా, ఫోన్ పెట్టెయ్. నాతోని లోపలికి రా," అన్నాను.

సమ్మన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "కంపెనీ బద్నాం అయితది తమ్మీ. ఎన్ని ఇండ్ల బువ్వ ఉన్నది దీంట్ల!"

"కాక ఇల్లు కూడ లెక్కల పట్టు అన్నా," అని చెయ్యి విడిపించుకున్నాను.

ఛాంబర్‌లో వరసగా చూపించాను. మొదట, తడి మరక బస్తా పైనుంచి కిందికి దిగింది. తర్వాత, కాయిల్‌కు దూరంగా ఉన్న అతని బస్తాలు మాత్రం పొడిగా ఉన్నాయి. చివరగా, అదే కాయిల్ కింద ఉన్న ఇంకో రైతు, పాలంపేట ఆయన బస్తాలకూ బూజు పట్టింది.

"వాళ్ల మిర్చి మీద కూడ మా చిన్నమ్మనే చల్లిందా కాకా?" అన్నాను.

యాకయ్య తలెత్తి ట్రే వైపు చూశాడు. బయటికొచ్చి భార్యకు మళ్లీ ఫోన్ చేశాడు. "నువ్వు గాదే," అన్నాడు.

ఓనర్‌కు నేనే చెప్పాను. తనకంటే ముందు రైతుకు చెప్పినందుకు నన్ను కోప్పడ్డాడు. కానీ తడిసిన బస్తాలన్నిటికీ ఆ రోజు ధర కట్టిచ్చాడు. తర్వాత సమ్మన్నను అడిగాడు: "నిన్ను అబద్ధమాడుమని ఎవరు చెప్పిండ్రు?"

"ఒకరు చెప్పాల్నా సార్? మనది గదా!"

ఎంబీఏ చదివిన మిత్రుడికి ఇది చెబితే, సంస్థ మేలు కోరి ఉద్యోగులు చేసే తప్పుల మీద పరిశోధనలే ఉన్నాయన్నాడు. నాకు అర్థమైంది ఇంతే: తన జేబు కోసం తప్పు చేసేవాడికి లోపల కాస్తయినా భయముంటుంది. కంపెనీ కోసం చేసేవాడికి అదీ ఉండదు, అది తన డ్యూటీ అనుకుంటాడు. సమ్మన్న ఇప్పటికీ నాతో పని మాటలే మాట్లాడతాడు. నేను మాత్రం బస్తా తడిస్తే ముందు రైతుకే చెబుతాను, ఆ తర్వాతే ఆఫీసుకు.