మా తమ్ముడి చేతి వాసన

కోర్టు తలుపులు నా చేతివి. పెద్దాసుపత్రి కిటికీలు నావి. బ్యాంకులో మేనేజరు ముందుండే బల్ల కూడా నాదే. ఎందరో మేనేజర్లు మారారు గానీ ఆ బల్ల కాలు ఇప్పటికీ కదల్లేదు. పల్లె బడిలో ఐదో తరగతితో ఆగిన చదువు నాది. అయినా కాగితం మీద గీత గీయకుండా మేడమెట్లు బిగించిన వడ్రంగి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం లేదు. పోనీ, కొంచెం గొప్పకే అనుకోండి. కానీ నేను చేసిన ప్రతి చెక్కకూ మెరుగు పెట్టింది మా తమ్ముడు. వాడి సంగతి చెప్పాలంటే నా పని చెప్పక తప్పదు.

వాణ్ణి అందరూ 'అద్దం' అని పిలిచేవారు. వాడు పాలిష్ పెట్టిన బీరువా ముందు నిలబడి జనం తల దువ్వుకునేవారు మరి. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ ఉండతో పూత మీద పూత వేస్తూ పొద్దస్తమానం రుద్దేవాడు. సాయంత్రానికి ఒళ్లంతా స్పిరిట్ వాసన. ఆ వాసన చాటునే తాగుడు ఇంట్లోకి వచ్చింది. పని వాసనే అనుకుంది వాడి భార్య, మా మరదలు, పాపం. తెలిసేసరికి, పొద్దున్నే గొంతులో చుక్క పడితే తప్ప వాడి చెయ్యి నిలిచేది కాదు.

తిట్టాను, బతిమాలాను, ఒట్లు వేయించాను. అన్నీ నీటి మీద రాతలయ్యాయి. చివరికి మరదలు వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. గుమ్మం దాటేముందు ఒకటే మాట అంది.

"బావగారూ, ఈయన ఒంటిమీద ఆ వాసన పోయిన రోజు కబురు చెయ్యండి. వస్తాను."

దారి చూపింది దర్జీ. ప్యాంట్లు జారిపోతున్నాయని తమ్ముడు నడుము తగ్గించడానికి వెళ్లాడు, వెంట నేనూ ఉన్నాను. దర్జీ టేపు ఒకసారి చుట్టాడు, నమ్మలేక ఇంకోసారి చుట్టాడు.

"ఇంత చిక్కిపోయావేంటయ్యా?"

"పని ఎక్కువైంది."

"నాకూ ఒకప్పుడు ఇలాగే పని ఎక్కువైందిలే," అన్నాడు దర్జీ. "సీసా నా చేతిలో ఉందనుకునేవాణ్ణి. తీరా చూస్తే నేనే దాని చేతిలో ఉన్నాను. గురువారం సాయంత్రం నాతో రా. మందుల్లేవు, తిట్లు లేవు. అందరం ఒక తాను ముక్కలమే."

బడి వదిలాక, చిన్నపిల్లల గదిలో తాగుడు మానినవాళ్లూ, మానాలనుకునేవాళ్లూ కలుసుకుంటారు. పొట్టి బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు అంతంత మనుషులు. ఒకరు చెబుతుంటే మరొకరు అడ్డురాకూడదు, సలహాలివ్వకూడదు. తోడొచ్చినవాళ్లూ మాట్లాడొచ్చన్నారు. నేను లేచి కోర్టు తలుపుల దగ్గర మొదలుపెట్టాను. బ్యాంకు బల్ల దాకా వచ్చేసరికి ఓ లారీ డ్రైవరు దగ్గాడు.

"మేస్త్రీగారూ," అన్నాడు దర్జీ మెల్లగా, "ఇక్కడ కట్టినవి చెప్పుకోమండీ. కూల్చినవి చెప్పుకుంటాం."

అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. వాడి నవ్వు చూసి ఎంత కాలమైందో! నేను కూర్చున్నాను, వాడు లేచాడు.

"నాకు ఇంటికి వెళ్లబుద్ధి కాదు. ఇంట్లో ఎవరూ లేరు," అన్నాడు. అంతే.

ఎవరూ ఓదార్చలేదు. లారీ డ్రైవరు పక్కకి జరిగి వాడికి చోటిచ్చాడు.

ఆసుపత్రిలో పడుకుని, వణుకు తగ్గించుకుని వచ్చాక వాడు మళ్లీ ముట్టలేదు. గురువారం గదికి వెళ్లడం మానలేదు. నేను సంబరంగా మరదలికి కబురు పెట్టాను. ఆమె సంచీ సర్దుకుని నేరుగా మా దుకాణానికే వచ్చింది. తమ్ముడు ఓ బీరువాకి పాలిష్ పెడుతున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావగారూ, మీరు కూడా అబద్ధం చెప్పారా?"

"అది పని వాసనే," అన్నాడు వాడు, గుడ్డ చేతిలోనే ఉంది.

"మొదటినుంచీ అదే మాట కదా!" అని వెనక్కి తిరిగింది. పిలిచినా ఆగలేదు.

మర్నాడు వాడు లక్కా, స్పిరిట్ డబ్బాలూ ఎవరికో ఇచ్చేశాడు.

"ఒరేయ్, నీ అంత పనివాడు ఇంకొకడు లేడురా," అన్నాను.

"ఆవిడ ముక్కుకి ఆ సంగతి ఎవరు చెప్తారన్నయ్యా?"

అప్పటినుంచి చెక్కల్ని గరుకు కాగితంతో రుద్దడం, తేనెమైనం, నూనె కలిపి పట్టించడం. అంతే వాడి పని. గురువారం గదిలోని పొట్టి బెంచీలన్నిటికీ వాడే మైనం పెట్టాడు.

"దీంట్లో ముఖం కనపడదన్నయ్యా. పోన్లే, చూసుకోవాల్సినంత ముఖమా నాది!" అనేవాడు.

కానీ కాలేయం అప్పటికే చెడిపోయింది. పెద్దాసుపత్రిలో, నేను చేసిన కిటికీ కిందే మంచం. ఈసారీ మరదలు కబురందిన వెంటనే వచ్చింది. వాడి మీదికి వంగింది, చటుక్కున నిటారుగా లేచింది. స్పిరిట్! నర్సు అప్పుడే వాడికి సూది పొడిచి వెళ్లింది. ఆమె ముఖం మారడం వాడు చూశాడు. మాట్లాడే ఓపిక లేక పళ్లెంలోని దూదివైపు వేలు చూపించాడు.

ఆమె దూది తీసి వాసన చూసింది. తర్వాత వాడి అరచెయ్యి ముక్కుకు ఆనించుకుంది. అలాగే ఉండిపోయింది.

"ఏం వాసనే?" అన్నాడు ఓపిక కూడదీసుకుని.

"మైనం," అంది.

మర్నాడు వాడు పోయాడు.

ఆ తర్వాత ఓ గురువారం మరదలు తనూ వస్తానంటే తీసుకెళ్లాను. నేను కోర్టు తలుపుల ఊసెత్తలేదు. ఆమె లేచి నిలబడింది.

"ఆ రోజు దుకాణం గుమ్మం దాకా వచ్చాను. లోపలికి రాలేదు," అంది.

ఎవరూ ఓదార్చలేదు. లారీ డ్రైవరు జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుని, బెంచీ చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. అందరూ లేచి వెళ్లేదాకా తియ్యలేదు.