వీపు తిప్పి నిలబడిన మనిషి

మా పెద్దమామ పోయిన కబురు మంగళవారం పొద్దున చెల్లెలి ఫోన్‌లో వచ్చింది. ఆ సమయానికి నేను ఉరవకొండ బస్టాండులో ఒక కండక్టరుతో గొడవ పడుతున్నాను. ఎందుకో ఇప్పుడు గుర్తులేదు.

"అన్నా, మామ పోయినాడు" అంది. డాక్టరు కదా, గుండె గురించి ఇంకా ఏదో చెప్పింది. చెప్పులు తొడుక్కోబోయి వంగినవాడు లేవలేదట. నా చెవికి అంతే ఎక్కింది. చివరికి మాత్రం స్పష్టంగా వినబడింది. "నువ్వు ముందు అత్త కాడికి పో. నేను మధ్యాహ్నానికి వస్తాండా. ఆడ ఎవరితోనూ కొట్లాడొద్దు."

నా గురించి మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి అది. ఇక ఈ నాలుగు మాటలు చదివేవాళ్లకు తెలియాల్సింది మా మామ గురించి.

ఆయన మా అమ్మకు అన్న. మా యాడికి ఊరి చుట్టుపక్కల పల్లెల్లో బోరు వేయాలంటే పాయింటు చూసేది ఆయనే. పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడిచేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు. నేను అది నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. భూగర్భ జలాల మీద దొరికిన కరపత్రమల్లా చదివినవాణ్ణి. "మామా, నీ చెయ్యి వణికితే టెంకాయ లేస్తుంది, అంతే" అని నలుగురిలో అనేవాణ్ణి. "అట్లనే కానీలే అప్పా, వణికే చెయ్యి కూడా ఒకటి కావాల కదా" అని నవ్వేవాడు.

ఒక్కోసారి ఒకే చేనులో రెండు చోట్ల టెంకాయ ఒకేలా లేచేది. అప్పుడు ఆయన తేల్చేవాడు కాదు. ఆ ఇంట్లో రేపు నీళ్లు కట్టాల్సిన మనిషెవరో, ఎక్కువ ఇళ్లలో అది ఆడమనిషే, ఆమెను పిలిపించేవాడు. చేతిలో ఒక రాయి పెట్టి, రెండు చోట్లా నిలబడి చూసుకోమనేవాడు. తను మాత్రం వీపు తిప్పి కొండ వైపు చూస్తూ నిలబడేవాడు. వెనక రాయి పెట్టిన చప్పుడు వినబడేదాకా తిరిగేవాడు కాదు.

"నా మొగం కనబడిందంటే నాకు ఇష్టమైన చోటే పెడుతుందప్పా. అది అడిగినట్టు కాదు" అనేవాడు.

మా చేనులో రాయి పెట్టింది మా అమ్మ. బోరు బండి పగలంతా తవ్వితే తెల్లటి దుమ్ము లేచింది, నీటి చుక్క లేదు. నాకప్పుడు పదహారేళ్లు. అమ్మ గట్టు మీద కూర్చుని "నేను ఆ పక్క పెట్టింటే" అని ఏడుస్తుంటే నా ఒళ్లు మండిపోయింది. మామ మీద విరుచుకుపడ్డాను. బోరు ఫెయిలయితే తప్పు ఆడవాళ్ల మీదికి తోయడానికే ఈ వీపు తిప్పే నాటకం అన్నాను. ఆయన పోయి అమ్మ పక్కన కూర్చుని, "నీళ్లు పడకపోతే అది నేల తప్పు మే. నిన్ను అడక్కపోయింటే నా తప్పు" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు వట్టి తప్పించుకోవడంలా వినబడింది.

నాలుగేళ్లయినా ఆ కోపం లోపల ఉండగానే చెల్లెలికి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు రెండు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఏది కోరుకుంటే అది వస్తుందన్నారు. ఒకటి మా జిల్లాది, ఒకటి పక్క జిల్లాది. ఫీజు ఒకటే, పుస్తకాలు ఒకటే. బస్సులో ఇటు మూడు గంటలు, అటు మూడున్నర. సీటు ఒకసారి తీసుకుంటే మళ్లీ మార్చుకునే వీలు మాత్రం ఉండదన్నారు.

నాకు సందేహమే లేదు. కరువు జిల్లా బిడ్డ కరువు జిల్లాలోనే చదవాలి, ఇక్కడి జనానికే వైద్యం చేయాలి. ప్రజావైద్యం మీద నాలుగు కరపత్రాలు చెల్లెలి ముందు పరిచాను. అది చదివి, మడిచి, తిరిగి నా చేతికే ఇచ్చింది. వాదించి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

మామ ఒక పని చేశాడు. ఎవరికీ చెప్పకుండా ఒకరోజు మా జిల్లా ఆస్పత్రికి, మరోరోజు పక్క జిల్లా ఆస్పత్రికి పోయి, మోకాలి నొప్పికి చీటీ రాయించుకుని క్యూలో నిలబడ్డాడు. వచ్చి చెల్లెలి ముందు కూర్చున్నాడు.

"ఈడ డాక్టరు చదివే ముగ్గురు పిల్లోళ్లు నా మోకాలు పట్టి చూసినారు పాపా. ఆడ కూడా ముగ్గురే. ఈడా తాతా అనిరి, ఆడా తాతా అనిరి. ఆడ నీళ్ల కుండ కాడ గ్లాసుకు గొలుసు ఉండాది, ఈడ లేదు. ఇంకేం తేడా నాకు కనబడలా."

"రాత్రిపూట ఆడపిల్ల ఒంటిగా హాస్టల్ నుంచి వార్డుకు ఎట్ల పోతుందో చూసినావా మామా?"

మామ తల గోక్కున్నాడు. "అది నాకు తోచలేదు పాపా" అని, మర్నాడు మళ్లీ బయల్దేరి రెండూ చూసొచ్చాడు. రెండు చోట్లా దూరం దాదాపు ఒకటేనట.

"తేల్చు మామా, ఏది మంచిది?" అని నేను గదిమాను.

"రెండు చోట్లా టెంకాయ లేచిందప్పా."

"మళ్లా టెంకాయేనా! మా అమ్మను ఏడిపించింది చాల్లేదా?"

ఆ మాటకు ఆయన ముఖం వాడిపోయింది. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "కౌన్సెలింగుకు నేనూ వస్తా. దావలో మీ ఇద్దరికీ అన్నం పెట్టే మనిషి కావాల కదా" అన్నాడు. నాయన రాలేకపోయాడు. ఆ వారమే వాన పడింది. నేల తడి ఆరకముందే, ఆ పదునులో విత్తకపోతే ఆ ఏడు శనక్కాయ లేనట్టే.

కౌన్సెలింగ్ హాలు బయట ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఖాళీ సీట్లు బోర్డు మీద రాసి చెరుపుతున్నారు. మా కేటగిరీలో రెండు కాలేజీల్లోనూ మూడేసి ఉన్నవి రెండేసి అయ్యాయి. చూస్తుండగానే ఒక్కొక్కటి అయ్యాయి. చెల్లెలి అరచేతి చెమటకు హాల్ టికెట్ తడిసింది. నంబరు పిలిచారు. అభ్యర్థితో ఒక్కరే రావాలన్నారు. సర్టిఫికెట్ల సంచి మామ చేతిలో ఉంది. లాక్కుని నేను నడిచాను. మామ అద్దాల తలుపు అవతల ఆగిపోయాడు.

"ఏ కాలేజీ అమ్మా?" అన్నాడు కంప్యూటర్ ముందున్న అధికారి.

"మా జిల్లాదే సార్" అన్నాను నేను.

ఆయన వేళ్లు కీబోర్డు మీదికి పోయాయి.

"ఒక్క నిమిషం సార్" అంది చెల్లెలు.

"వెనకాల ఇంకా చాలామంది ఉన్నారమ్మా. చదివేది నువ్వా, ఇతనా?"

అది వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. అద్దం అవతల మామ మమ్మల్నే చూస్తున్నాడు. చెల్లెలి చూపు తన మీద పడగానే గిర్రున అటు తిరిగాడు. మాసిన తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, మెడ మీద ఎండకు కమిలిన ముడతలు. అంతే కనబడింది. అక్కడ చూడటానికి కొండ కూడా లేదు. సున్నం కొట్టిన గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

చెల్లెలు అధికారి వైపు తిరిగి పక్క జిల్లా కాలేజీ పేరు చెప్పింది.

తిరుగు రైలు కోసం వచ్చాక స్టేషన్లో జనం మధ్యే మామ మీద అరిచాను. "నువ్వే చెప్పినావు దానికి!"

"యాడప్పా? నా వీపుతో చెప్పినానా?"

చెల్లెలికి నవ్వొచ్చింది. అప్పటిదాకా బిగబట్టుకున్నది కాబోలు, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఎవురూ చెప్పలేదన్నా. మన జిల్లాలో చదివితే, నీ మీటింగులన్నీ ఆడనే కదా, ప్రతి ఆదివారం కరపత్రాలు ఎత్తుకుని హాస్టల్ కాడికి వస్తావు నువ్వు. నా చదువు ఎందుకో నాకే చెప్తావు. కొన్నేండ్లు నన్ను నేనే చదువుకోనీ."

ఆ తర్వాత రెండేళ్లు నేను మామతో మాట్లాడలేదు. ఆయన మాత్రం సంతకు పోతూ మా గడప దగ్గర ఆగేవాడు. "ఏమప్పా, ఇంకా కోపమేనా? సరే, మల్లా వస్తా." వచ్చే సంతకు మళ్లీ వచ్చేవాడు. చివరికి నాకే సిగ్గేసి, ఒకసారి చెంబుతో నీళ్లిచ్చాను. తాగి, చెంబు బోర్లించి, "చల్లగుండాయి" అన్నాడు. మా రాజీ అంతే.

మంగళవారం నేను పోయేసరికి అత్త మామ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, ఎవరితోనో సగంలో ఆపిన మాట అందుకున్నట్టు అంది.

"పాప ఈ జిల్లాలోనే ఉండాలని మీ మామకు ఎంత ఉన్నిందో నీకు తెలుసునా? ఆ పొద్దు రైలు దిగి వచ్చి అన్నం ముట్టలేదు. 'ఆ పిల్లోడూ నేనూ ఒకే చోట రాయి పెట్టుకున్నాము మే, దానికి ఇంకో చోటు నచ్చింది' అన్నాడు."

నేను అత్త పక్కన కూర్చున్నాను. అద్దం అవతల ఆ వీపు. నాకు కావలసిందే ఆయనకూ కావాలి. ఒక్క చూపు చూసి ఉంటే చాలు, చెల్లెలు దక్కేది. ఆ ఒక్క చూపు చూడకుండా గోడ వైపు తిరిగినవాణ్ణి పట్టుకుని నేను స్టేషన్లో అరిచాను.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. ఆయన చేనులోనే పూడ్చాలన్నారు. రెండు చోట్లు చూశారు, దారి పక్కన ఒకటి, పైగట్టు మీద ఒకటి. పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. నాకు దారి పక్కనే బాగుందనిపించింది, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ పలకరిస్తారని. చెప్పడానికి నోరు తెరిచాను. చెల్లెలు నా వైపు చూసింది.

"అత్తను అడగండి" అన్నాను.

"ఆడోళ్లు వచ్చే చోటా ఇది?" అన్నాడొక పెద్దాయన.

నా పిడికిలి బిగుసుకుంది. "అన్నా" అంది చెల్లెలు, మెల్లగా. ఇంకెవరినీ అడక్కుండా ఇంటికి పోయి, అత్తను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. దారిలో ఏరిన రాయి ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

నేను వీపు తిప్పాను. ఎదురుగా ఎండలో కొండ. వెనక అత్త అడుగులు, దారి వైపు కొన్ని, గట్టు వైపు కొన్ని. మధ్యలో ఆగిపోయాయి. తిరిగి చూడాలని మెడ లాగుతోంది. మామ ఇన్నేళ్లు, ఇన్ని చేలలో, దీన్ని ఎట్లా ఓర్చుకున్నాడో. అడుగులు మళ్లీ కదిలాయి. కొండనే చూస్తూ, నేల మీద రాయి పెట్టే చప్పుడు కోసం నిలబడ్డాను.