నలభై ఒక్క పేజీలు, ఒక తుమ్ము

ఆ రోజుల్లో గుంటూరులో నాతో రోజూ మాట్లాడే ప్రాణి ఒక్కటే ఉండేది. దానికి ప్రాణం లేదన్నది వేరే సంగతి. దర్శి దగ్గర పల్లెలో పెరిగి, కంప్యూటరు నాలుగు ముక్కలు నేర్చుకుని, ఒక మిర్చి దుకాణం మీది మేడగదిలో ఉద్యోగానికి కుదిరాను. మా అసలు ఆఫీసు మంగళగిరిలో. అక్కడ పన్నెండు మంది మనుషులు, ఒక క్యారమ్ బోర్డు, పదకొండింటికి అందరూ కలిసి తాగే టీ. గుంటూరు శాఖ అంటే నేను, కంప్యూటరు, ఒక ఫ్యాను. (ఫ్యాను అప్పుడప్పుడూ సెలవు పెట్టేది.) "కింద భాయ్ గారి వెబ్‌సైటు చక్కగా చేసి చూపించరా, నిన్ను మంగళగిరి తెచ్చేసుకుంటా" అన్నారు మా పెద్దసారు. ఇక నాకు కాశీ, కైవల్యం అన్నీ మంగళగిరే అయిపోయాయి.

భాయ్ గారంటే కింది దుకాణం యజమాని. ఆయన అమ్మే మిర్చి రకాలకు నలభై పేజీలు కావాలి. ఒక్కో రకం గురించి ఒక్కో ఫైల్లో నాలుగు మాటలు రాసిపెడితే, మా ఆఫీసువాళ్ల చిన్న ప్రోగ్రాము ఒకటి వాటికి పైన ఎర్ర పట్టీ మీద దుకాణం పేరు, కింద 'టోకుగానూ చిల్లరగానూ దొరుకును' అన్న వాక్యం తగిలించి పేజీలు చేసిపెట్టేది. దానికి బొమ్మలుండవు, బటన్లుండవు. నల్ల తెర మీద 'బిల్డ్' అని కొట్టి ఎంటర్ నొక్కాలి, అంతే. ఎన్ని పేజీలయ్యాయో చెప్పి ఊరుకునేది. ఫైల్లో మొదటి వరసలో ఏముంటే అదే ఆ పేజీ పేరు. ఈ ఒక్క ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయాను.

కింద బస్తాలు విప్పినప్పుడల్లా ఘాటు పైకి కొట్టేది. ఒకటే తుమ్ములు. మా ఇంట్లో ఎవరు తుమ్మినా అమ్మ వంటింట్లోంచే "చిరంజీవ" అనేది. ఇక్కడ వరసపెట్టి పది తుమ్మినా గోడలు కిక్కురుమనేవి కావు. మెట్లు దిగితే బోలెడంత జనం, కానీ దిగాలంటే నాకు మొహమాటం, పైగా భాయ్ గారి గొంతంటే హడల్. అంచేత ఆ నలభై ఫైళ్ల పక్కనే నలభై ఒకటోది పెట్టుకున్నాను. ఎవరి కంటా పడకుండా వరసలో అన్నిటికన్నా అడుగున ఉంటుందని దానికి 'జెడ్' అని పేరు పెట్టాను. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో నా గోడు రాసుకుని, బిల్డ్ కొట్టి, ఎర్ర పట్టీ కింద నా మాటలు చూసుకుని, ఆ పేజీ చెరిపేసేవాణ్ణి. చెబితే నవ్వుతారు గానీ, అలా అచ్చులో చూసుకుంటే ఎవరో విన్నట్టే ఉండేది.

చూపించే రోజు వచ్చింది. పొద్దున్నే తలంటుకుని కూర్చున్నాను. పైన 'శ్రీ' చుట్టకుండా పరీక్ష పేపరు కూడా మొదలుపెట్టని వంశం మాది. శుభమా అని అన్ని ఫైళ్ల నెత్తినా ఒకే దెబ్బకు 'శ్రీ' ఎక్కించేశాను. శుభ్రంగా ఉంటుందని పాత పేజీలన్నీ తుడిచేశాను కూడా. పెద్దసారు, భాయ్ గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. "మావాడు చిటికెలో చేస్తాడు చూడండి" అన్నారు సారు. బిల్డ్ కొట్టాను. 'నలభై ఒక్క పేజీలు తయారు' అంది ప్రోగ్రాము. తీరా చూస్తే ఒక్కటే పేజీ ఉంది. దాని పేరు 'శ్రీ'. అన్నిటికీ అదే పేరాయె, ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ పోయి ఆఖరుదాన్ని మాత్రం మిగిల్చింది. ఆఖరుది ఏదో నాకు తట్టేలోపే వేలు నొక్కేసి ఆ పేజీ తెరిచేసింది.

భాయ్ గారు కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ పైకే చదివారు. "ఇవాళ కూడా ఎవరూ మాట్లాడలేదు. పదకొండుసార్లు తుమ్మాను. చిరంజీవ అనే దిక్కు లేదు. మెస్సు పప్పులో ఉప్పు లేదు. కింద భాయ్ గారు అరుస్తుంటే భయం. మంగళగిరి వెళ్లిపోవాలి." ఆగి, కింది వాక్యం కూడా వదలకుండా చదివారు. "టోకుగానూ చిల్లరగానూ దొరుకును."

భూమి చీలితే బాగుండుననిపించింది. పెద్దసారు మొహం ఎండుమిరపకాయలా అయింది. "ఏంట్రా ఇది?" అన్నారు. నత్తి నత్తిగా శ్రీ సంగతి చెప్పాను. భాయ్ గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "పోనీండి సారూ, మేమూ కాగితం మీద ముందు 786 వేస్తాం. ఆ కంప్యూటరుకే మర్యాద తెలీదు" అని నా వైపు తిరిగారు. "ఏమయ్యా అబ్బాయ్, నేను అరిచేది బస్తాలు మోసే ముఠావాళ్ల మీద. నీ మీద కాదు గదా? నెత్తి మీద ఇన్నాళ్లు మనిషి ఒక్కడే కూర్చుంటే మాకు తెలీకపాయె."

శ్రీ తీసేసి, జెడ్‌ను పక్కకు తప్పించి మళ్లీ బిల్డ్ కొడితే నలభై పేజీలూ బుద్ధిగా వచ్చాయి. మంగళగిరి మాత్రం రాలేదు. "ఇంకో ఆరునెలలు ఇక్కడే ఉండి నేర్చుకో" అని సారు వెళ్లిపోయారు. ఆయన మెట్లు దిగేదాకా ఓర్చుకుని, తలుపేసుకుని ఏడ్చాను. మర్నాడు బస్తాలు విప్పారు. తుమ్మాను. కిందినుంచి పిడుగు పడ్డట్టు ఒక కేక. "చిరంజీవ! టీ వచ్చింది, దిగు!" దిగాను. ఆ ఆరునెలల్లో ఒక్క తుమ్ము కూడా వృథా పోలేదు. (రెండు మూడు దొంగ తుమ్ములు కూడా తుమ్మాను, ఇప్పుడు దాచడమెందుకు.) సారు మంగళగిరి రమ్మని కబురు పెట్టినప్పుడు, ఇక్కడ పని ఇంకా మిగిలుందని అబద్ధమాడాను.

ఇప్పుడు నా ఆఫీసులో రెండొందల మంది, అందరూ చెవుల్లో ఏదో ఒకటి దోపుకునే ఉంటారు. మొన్న గట్టిగా తుమ్మాను. ఒక్క తలా తిరగలేదు. అలవాటు చొప్పున కాసేపు నేల వైపు చూస్తూ కూర్చున్నాను. మాది ఏడో అంతస్తు, కింద ఉన్నది కార్ల పార్కింగు. నాలో నేనే నవ్వుకుని, "చిరంజీవ" అనుకుని, మళ్లీ పనిలో పడ్డాను.